మీటింగ్ పెట్టే ముందు మామ్మ అరుగు మీద కూర్చోండి

శ్రీకాకుళం జిల్లాలో ఒక చిన్న ఊరి బడిలో చేరిన కొత్తలో తల్లిదండ్రుల మీటింగ్ పెట్టాను. బడిలో నలభై మంది పిల్లలు, వచ్చింది ఇద్దరు. చాపలు పరిచాం, టీ కాచాం, బోర్డు మీద రంగు సుద్దలతో ‘స్వాగతం’ రాయించాం. పదకొండైంది, పన్నెండైంది. “ఈ ఊరివాళ్ళకి పిల్లల చదువు పట్టదు” అని పక్క టీచరుతో అనేశాను కూడా. సాయంత్రం బస్సు కోసం నడుస్తుంటే, మోకాళ్ళ దాకా బురదతో గట్టెక్కి వస్తున్న ఒక తల్లి ఆగి అడిగింది: “ఉభాల రోజుల్లో పగటేల మీటింగంటే ఎలాగొస్తాం టీచరమ్మా? కూలి ఒగ్గేసుకోమంటావా?”

నా దగ్గర జవాబు లేదు. ఆమె కూతురు మా ఒకటో తరగతి పిల్లే. తెల్లారగట్ల లేచి ఆ పిల్లకి జడేసి, అంబలి పట్టించి, బడికి తయారు చేసి నాట్లకి వెళ్ళిన మనిషి ఆమె. అలాంటి మనిషికి పట్టదని నోరు జారినందుకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

ఇల్లు, బడి, ఊరు కలవాలంటే ముందు కదలాల్సింది బడి. మీరు అంగన్‌వాడీ టీచరైనా, ఒకటి రెండు తరగతుల మాస్టారైనా, పిల్లల కోసం ఏదైనా చేద్దామనుకునే డ్వాక్రా సంఘం లీడరైనా, ఈ పని ఏ వరసలో చేస్తే నిలబడుతుందో నేను చూసినంత వరకు చెప్తాను. నేను చెప్పేదంతా ముఖ్యంగా మూడేళ్ళ నుంచి ఎనిమిదేళ్ళ లోపు పిల్లల గురించి. 2020 జాతీయ విద్యా విధానం కూడా అంగన్‌వాడీ మూడేళ్ళనీ, ఒకటి రెండు తరగతులనీ కలిపి ఒకే పునాది దశ అంది.

మొదట ఊరి పనుల క్యాలెండరు రాయండి

పెద్ద కాగితం మీద పన్నెండు నెలలు గీసి, ఏ నెలలో ఎవరు ఇంటి దగ్గర ఉంటారో ఆయాని అడిగి రాయండి. ఆయా ఆ ఊరి మనిషైతే ఆమెకి తెలియని గడప ఉండదు. జూలై, ఆగస్టు ఉభాలు, అంటే వరి నాట్లు. నవంబరు, డిసెంబరు కోతలు, నూర్పులు. తీరం వెంట తోటలుండే ఉద్దానం ప్రాంతంలో అయితే వేసవంతా జీడితోటల పని. పలాస, కాశీబుగ్గ చుట్టుపక్కల జీడిపప్పు ఫ్యాక్టరీలకి వెళ్ళే ఆడవాళ్ళని పగలు కలవడం కుదరదు, సాయంత్రమో ఆదివారమో చూసుకోవాలి.

తీరం ఊళ్ళలో ఒక మంచి సమయం ఉంది, చాలామంది దాన్ని వదిలేసుకుంటారు. మన తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు వేట నిషేధం, ఇక్కడ వేటకెళ్ళే తండ్రులు అప్పుడు ఊళ్ళోనే ఉంటారు. గుజరాత్‌లోని వీరావల్ వెళ్ళినవాళ్ళు పడమటి తీరంలో జూన్ 1న నిషేధం మొదలయ్యే వేళకి ఇల్లు చేరతారు. అంటే జూన్ మొదటి రెండు వారాల్లో రెండు రకాల తండ్రులూ దొరుకుతారు. బడులు తెరిచేదీ అప్పుడే. తండ్రులతో మాట్లాడాలనుకుంటే ఏడాదిలో ఇంతకన్నా మంచి రోజులు రావు.

హైదరాబాద్‌కో చెన్నైకో భవన నిర్మాణ పనులకి వెళ్ళినవాళ్ళు సంక్రాంతికి, అమ్మవారి సంబరానికి వస్తారు. బడికి అప్పుడు సెలవులే, నిజమే. కనుమ వెళ్ళిన మర్నాడు ఒక్క పూట మీరు ఊరికి వస్తే, ఏడాదంతా ఫోన్లో కూడా దొరకని నాన్నలు ఎదురుగా కూర్చుంటారు. నేను రెండేళ్ళు అలా వెళ్ళాను. ఆ ఒక్క పూటకి దక్కిన ఫలితం నెలనెలా పెట్టిన మీటింగులకి దక్కలేదు.

2024 డిసెంబరు 7న రాష్ట్రంలోని ప్రభుత్వ బడులన్నిటిలో ఒకే రోజు మెగా పేరెంట్ టీచర్ మీటింగ్ జరిగింది. అలాంటి రోజు పండగలా జరగాలి, అందులో సందేహం లేదు. కానీ మన వైపు డిసెంబరంటే వరి కోతలు. కాబట్టి అలాంటి పెద్ద మీటింగు అయిన సాయంత్రమే, రాలేకపోయిన వాళ్ళ పేర్లు రాసుకోండి. వారం లోపల వాళ్ళ దగ్గరికి మీరు వెళ్ళండి.

పెంచుతున్నది ఎవరో తెలుసుకోండి

అడ్మిషన్ రిజిస్టరులో తండ్రి పేరు, తల్లి పేరు, వృత్తి ఉంటాయి. మన జిల్లాల్లో ఆ వివరాలతో పని జరగదు. అమ్మానాన్నలు వలస వెళ్ళి, పిల్లలు మామ్మ దగ్గరో, అమ్మమ్మ దగ్గరో, పెద్దమ్మ దగ్గరో పెరుగుతున్న ఇళ్ళు వీధికి రెండు మూడు ఉంటాయి. ఒక లాంగ్ నోటుబుక్కు తీసుకుని పిల్లకో పేజీ పెట్టండి. పొద్దున స్నానం ఎవరు చేయిస్తారు? రాత్రి ఎవరి పక్కన పడుకుంటుంది? ఒంట్లో బాగోకపోతే ఎవరికి ఫోన్ చేయాలి? ఇంట్లో ఏ భాష? ఈ నాలుగూ చాలు. స్నానం చేయించేదీ, పక్కన పడుకోబెట్టుకునేదీ ఎవరైతే వాళ్ళే మీ భాగస్వామి. మీటింగుకి పిలవాల్సింది వాళ్ళని. “తల్లిదండ్రులు రావలెను” అని చీటీ పంపితే మామ్మ రాదు, అది తనని కాదనుకుంటుంది.

ఇంటికి వెళ్ళండి, ఫిర్యాదుతో మాత్రం వెళ్ళకండి

మొదటిసారి వెళ్ళినప్పుడు చేతిలో రిజిస్టరు ఉండకూడదు. రిజిస్టరు చూస్తే సర్వే అనుకుంటారు, రేషనుకో పింఛనుకో సంబంధించినదేమోనని టెన్షన్ పడతారు. ఆయాని వెంట తీసుకెళ్ళండి. కుర్చీ తెచ్చి వేస్తారు, వద్దని అరుగు మీదే కూర్చోండి. మంచినీళ్ళు ఇస్తే తాగండి. ఎవరింట్లో నీళ్ళు తాగారు, ఎవరింట్లో తాగలేదు అన్నది ఊరంతా గమనిస్తుంది. ఇరవై నిమిషాలకి మించి ఉండొద్దు, వాళ్ళకి పనులుంటాయి.

అడగాల్సినవి రెండే: “మీ పిల్ల ఇంట్లో ఏం చేస్తుంటుంది?” “ఆమె గురించి మాకు తెలియాల్సింది ఏమైనా ఉందా?” తర్వాత మీరు బడిలో చూసిన ఒక మంచి మాట చెప్పండి. నిజమైనది చెప్పాలి. “బాగా చదువుతోంది” అనేది మాట కాదు. “నిన్న అన్నం దగ్గర తన గుడ్డు పక్క పిల్లకి సగం పెట్టింది” అనేది మాట.

ఒకసారి ఇలాగే ఒక ఇంటికి వెళ్ళాను. ఆ పిల్ల బడిలో నోరు విప్పేది కాదు. ఒకటి, రెండు తర్వాత అంకె పలికించలేకపోయాం. నేను వెళ్ళేసరికి మామ్మ రాయి ముందు పెట్టుకుని చింతపండు కొడుతోంది. పిక్క ఎగిరి పడగానే ఆ పిల్ల ఏరి, తన ముందు పది పదిగా కుప్పలు పెడుతోంది. మామ్మ తల ఎత్తకుండానే అడిగింది, “ఎన్నయ్యాయే గుంటా?” పిల్ల కూడా తల ఎత్తలేదు. “నాలుగు పదులు, పైన మూడు.”

నలభై మూడు అనే మాట ఆ పిల్లకి ఇంకా రాదు. కానీ రెండో తరగతిలో పుల్లల కట్టలు పెట్టి మేం తంటాలు పడి చెప్పే పదులు, ఒకట్లు ఆ అరుగు మీద అప్పటికే వచ్చేశాయి. “మామ్మా, నువ్వు దీనికి లెక్కలు నేర్పేశావు” అన్నాను. ఆమె నమ్మలేదు. “నానేటి నేర్పుతానమ్మా, నాకు సంతకమే రాదు” అంది. మర్నాడు మామ్మనీ, ఒక చేటెడు చింతపిక్కలనీ బడికి పిలిచాం. గుమ్మం దగ్గరే కూర్చుంది, లోపలికి రానంది. అయినా పిల్లలందరూ ఆమె చుట్టూ చేరి కుప్పలు పెట్టారు. ఆ పిల్ల ఆ రోజు మాట్లాడింది. బడిలో ఆమె గొంతు వినడం నాకు అదే మొదటిసారి.

ఆ ఇంటికి వెళ్ళకపోతే ఆ పిల్లని ‘మందమతి’ అనుకుని ఊరుకునేదాన్ని. అందుకే ఇంతగా చెప్తున్నాను. ఏదీ కుదరకపోయినా, ఈ ఒక్క పని మాత్రం చేయండి. వారానికి రెండిళ్ళు చొప్పున వెళ్ళినా దసరా సెలవుల లోపల ముప్పై ఇళ్ళు పూర్తవుతాయి.

ఇంట్లో ఉన్నదానితోనే పని ఇవ్వండి

నాలుగేళ్ళ పిల్లకి ఇంటి దగ్గర అఆలు దిద్దించమని చెప్తే చదువురాని మామ్మ తలదించుకుంటుంది. ఆమెకి వచ్చిన పనే అడగండి. చోడి (రాగి) అంబలి కాచేటప్పుడు ఏది ముందు, ఏది తర్వాత అని పిల్లతో చెప్పించమనండి. అది వరస క్రమం, రేపు కథ చెప్పడానికి పనికొస్తుంది. తీరం ఊళ్ళో వలలో పడ్డ చేపల పేర్లు చెప్పించమనండి, పెద్దవీ చిన్నవీ వేరు చేయించమనండి. రాత్రి పడుకునేటప్పుడు ఒక కథ, లేకపోతే ఊళ్ళో ఆ రోజు జరిగిన ఒక సంగతి. పుస్తకం అక్కర్లేదు.

ఇంటి భాషని గౌరవించండి. ఇచ్ఛాపురం, కవిటి వైపు ఒడియా, మందస, మెళియాపుట్టి కొండ ఊళ్ళలో సవర మాట్లాడే ఇళ్ళున్నాయి. “ఇంట్లో తెలుగే మాట్లాడండి” అని ఆ తల్లులకి చెప్పకండి. శ్రీముఖలింగం దగ్గరి పర్వతాలపేటలో 1863లో పుట్టిన గిడుగు రామమూర్తి పంతులుగారు సవర పిల్లలకి చదువు చెప్పడానికి ముందు తాను సవర నేర్చుకున్నారు, ఆ భాషలో వాచకాలు రాశారు. మనం అంత చేయలేకపోయినా నీళ్ళు, ఆకలి, నొప్పి, అమ్మ, రా, కూర్చో లాంటి ఇరవై మాటలు నేర్చుకోగలం. వాటిని ఆ తల్లినే అడిగి నేర్చుకోండి. టీచరు తన దగ్గర నేర్చుకుందన్న ధైర్యంతో ఆమె బడి గేటు దాటి లోపలికి వస్తుంది.

ఇప్పుడు మీటింగ్ పెట్టండి

ఇళ్ళకి వెళ్ళొచ్చాక పెట్టే మీటింగ్ వేరేగా ఉంటుంది. సాయంత్రం పొయ్యి వెలిగించే వేళకి ముందే ముగిసిపోవాలి. నలభై నిమిషాలు చాలు. బడిలోనే పెట్టాలని లేదు, రామకోవెల అరుగైనా, చెట్టు కిందైనా పర్వాలేదు, అందరూ కూర్చోగలిగే చోటు అయితే చాలు. టీచర్లు కుర్చీల్లో, తల్లులు కింద కూర్చునే ఏర్పాటు వద్దు. మొదటి పది నిమిషాలు పిల్లలు ఏదైనా చేసి చూపించాలి. ఎవరి మార్కులూ, ఎవరి బరువూ అందరి ముందు చదవకండి. అది విడిగా చెప్పాల్సిన సంగతి.

విద్యాహక్కు చట్టం 2009 ప్రకారం స్కూలు కమిటీలో నాలుగింట మూడొంతుల మంది తల్లిదండ్రులే ఉండాలి, మొత్తం సభ్యుల్లో సగం ఆడవాళ్ళు. కాగితం మీద అది ఎప్పుడూ సరిగ్గానే ఉంటుంది. మీరు చూడాల్సింది వేరు: ఊరి చివరి కాలనీ నుంచి ఎవరైనా ఉన్నారా? వలస వెళ్ళిన ఇంటి నుంచి ఎవరైనా ఉన్నారా? సంతకం పెట్టించుకోవడానికి పుస్తకం ఇంటికి పంపే అలవాటు ఉంటే మానేయండి. మొదటి రెండు నెలలు కమిటీకి ఒకే ఒక్క పని అప్పగించండి, అది కంటికి కనపడేదై ఉండాలి. చిన్నపిల్లల చేతికి అందే ఎత్తులో కుళాయి, మరుగుదొడ్డి తలుపుకి గడియ, అన్నం తినే చోట నీడ. కుళాయి బిగించిన రోజు నుంచి వాళ్ళు బడిని ‘మా బడి’ అంటారు.

అంగన్‌వాడీ విషయానికొస్తే తల్లులు రోజూ గుమ్మం దాకా వస్తారు కాబట్టి ప్రత్యేకంగా మీటింగులు తక్కువే చాలు. పిల్లని దింపేటప్పుడు ఒక్క నిమిషం మాట్లాడండి. “రాత్రి నిద్రపోయిందా?” అని అడిగితే ఆ రోజు పిల్ల ఎందుకు చిరాగ్గా ఉందో ముందే తెలుస్తుంది.

టేపు తల్లి చేతికివ్వండి

పోషకాహారం గురించి ఎంత చెప్పినా చెవికెక్కనిది ఒక్క రంగు టేపుతో ఎక్కుతుంది. ఆరు నెలల నుంచి ఐదేళ్ళ లోపు పిల్లలకి ఎడమ జబ్బ చుట్టూ కొలిచే టేపు అది. చెయ్యి వదులుగా కిందికి వేలాడాలి. భుజానికీ మోచేతికీ సరిగ్గా మధ్యన చుట్టాలి, బిగించకూడదు, వదలకూడదు. 12.5 సెంటీమీటర్లు, ఆ పైన ఉంటే పచ్చ రంగు. 11.5కీ 12.5కీ మధ్య పసుపు. 11.5 కన్నా తక్కువైతే ఎరుపు, ఆలస్యం చేయకుండా ఊరి నర్సు ఏఎన్ఎంకి చూపించి ఆసుపత్రికి పంపాలి.

మీరు కొలిచి మీ పుస్తకంలో రాసుకుంటే అది మీ లెక్క. తల్లి చేతికి టేపు ఇచ్చి, ఆమె చేత చుట్టించి, “ఏ రంగు వచ్చిందమ్మా?” అని అడిగితే అది ఆమె లెక్క అవుతుంది. పసుపు చూసిన తల్లి వచ్చే నెల తనే వచ్చి టేపు అడుగుతుంది. చిన్నపిల్లలకి అంగన్‌వాడీ ఇచ్చే పోషకాహారం, బాలామృతం ప్యాకెట్టు, ఇంట్లో అందరూ పంచుకుంటున్నారని తెలిస్తే కోప్పడకండి. ఇంట్లో ఇంకో ఆకలి ఉందని అర్థం. ఆ ఇంటి సంగతి ఆశా కార్యకర్తతో, గ్రామ సంఘంతో మాట్లాడండి.

మాట ఆలస్యమైనా, పిలిస్తే పలక్కపోయినా, నడక తేడాగా ఉన్నా “అదే వస్తుందిలే” అనకండి. ఏడాదికి రెండుసార్లు అంగన్‌వాడీకి పిల్లల ఆరోగ్యం పరీక్షించే ఆర్‌బీఎస్‌కే (రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం) డాక్టర్ల బృందం వస్తుంది, ఆ రోజు ఆ పిల్ల తప్పకుండా ఉండేలా ముందు రోజే ఇంటికి చెప్పండి. జిల్లా ఆసుపత్రికి పంపాల్సి వస్తే తల్లి ఒంటరిగా వెళ్ళదు. బస్సు తెలియదు, ఓపీ చీటీ ఎక్కడ తీసుకోవాలో తెలియదు. ఆశానో, సంఘం నుంచి ఒకామెనో తోడు పంపండి. “వెళ్ళమని చెప్పాం, వాళ్ళే వెళ్ళలేదు” అంటే పని జరిగినట్టు కాదు.

ఊరిని అడిగేటప్పుడు

“పిల్లలకి సాయం చేయండి” అంటే అందరూ తలాడిస్తారు, ఎవరూ కదలరు. ఎవరికి ఏది వచ్చో అది అడగండి. వడ్రంగిని రెండు చిన్న బల్లలు. తప్పెటగుళ్ళ బృందం ఉన్న ఊరైతే ఒక పూట పిల్లల చేత అడుగులు వేయించమని. డ్వాక్రా సంఘాన్ని, నెలవారీ సమావేశంలో పది నిమిషాలు పిల్లల సంగతి మాట్లాడనిమ్మని. కుర్రాళ్ళని, వానాకాలం ముందు బడి చుట్టూ తుప్పలు కొట్టమని. అయ్యాక ఊళ్ళో నలుగురి ముందు పేరు పెట్టి చెప్పండి.

ఒక విషయం దాచకుండా చెప్పాలి. ఫలానా కులం మనిషి వండిందని పిల్లని అంగన్‌వాడీకి పంపని ఇళ్ళు ఇంకా ఉన్నాయి. చూసీచూడనట్టు వదిలేస్తే మనం ఎన్ని మీటింగులు పెట్టినా కలిసింది సగం ఊరే. వాదనకి దిగకండి, లొంగకండి కూడా. మీరు ఆయా పక్కన కూర్చుని ఆ అన్నమే పిల్లలతో కలిసి రోజూ తినండి. సర్పంచినో, ఊళ్ళో మాట చెల్లే పెద్దమనిషినో ఒక రోజు భోజనానికి పిలిచి అదే పంక్తిలో కూర్చోబెట్టండి. వేరే పంక్తి, వేరే పళ్ళెం మాత్రం ఒక్క రోజుకి కూడా ఒప్పుకోవద్దు.

తుఫాను మాట కూడా ముందే మాట్లాడుకోవాలి. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానం ఏమైందో ఇక్కడివాళ్ళకి చెప్పక్కర్లేదు. అమ్మానాన్నలు ఊళ్ళో లేని పిల్లల జాబితా మీ నోటుబుక్కులో ఇప్పటికే ఉంది. సెప్టెంబరులోనే ఆ పేర్ల పక్కన, హెచ్చరిక వస్తే మామ్మనీ పిల్లనీ షెల్టరుకి తీసుకెళ్ళే పొరుగింటివాళ్ళ పేరు, ఫోన్ నంబరు రాయండి. ఆ పొరుగింటివాళ్ళకి కూడా చెప్పండి.

ఫోను సంగతి

వాట్సాప్ గ్రూపు పెట్టండి, కానీ రాతలు కాకుండా వాయిస్ మెసేజులు పంపండి. చదువురాని మామ్మకి కూడా అందుతుంది. దూరంగా ఉన్న నాన్నకి వారానికి ఒకసారి, పిల్ల గొంతుతోనే ముప్పై సెకన్లు: “నాన్నా, ఇవాళ చింతపిక్కలు లెక్కపెట్టాను.” పిల్లల ఫొటోలు, బరువులు, ఇంటి గొడవలు గ్రూపులో పెట్టకండి.

ఒకటో తరగతికి అప్పగింత

అంగన్‌వాడీలో మూడేళ్ళు కుదిరిన నమ్మకం ఒకటో తరగతి గుమ్మం దగ్గర తెగిపోతుంటుంది. రెండూ ఒకే ఆవరణలో ఉన్నా తెగుతుంది. వేసవి సెలవులకి ముందు నాలుగు వారాలు, వారానికి ఒక పూట, పిల్లల్ని ఒకటో తరగతి గదిలో కూర్చోబెట్టండి. వాళ్ళ మాస్టారు ఎవరో, నీళ్ళు ఎక్కడో, దొడ్డికి ఎటు వెళ్ళాలో చూసుకుంటారు. సెలవులు ఇచ్చే ముందు అంగన్‌వాడీ టీచరు, ఒకటో తరగతి మాస్టారు ఒక గంట కూర్చుని ఆ నోటుబుక్కు పేజీ పేజీ తిప్పాలి. “ఈ పిల్ల మామ్మ దగ్గర ఉంటుంది. కొత్తవాళ్ళని చూస్తే మాట్లాడదు. పది పదిగా లెక్కపెడుతుంది.” ఇంత తెలిస్తే మాస్టారు మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టక్కర్లేదు.

జూన్‌లో బడి తెరిచాక మొదటి నెల ఆఖరున నోటుబుక్కు మరోసారి తీయండి. ఏ పేజీలో ఇంకా పేరు తప్ప ఏమీ రాయలేదో చూడండి. ఆ ఇల్లు ఊరి చివర ఉంటుంది, లేకపోతే ఇంట్లో పగలు ఎవరూ ఉండరు. ఆదివారం సాయంత్రం ఆయాని తోడు తీసుకుని ముందు అక్కడికి వెళ్ళండి.